పసిబిడ్డకు ఘనాహారం: ఏది కొనాలి, ఏది వండాలి – పూటవారీగా తేల్చుకునే మార్గదర్శి

పాలతో పాటు ఘనాహారం మొదలుపెట్టే వేళకు తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: డబ్బాల్లో, పౌచుల్లో దొరికేది కొనాలా, లేక ఇంట్లోనే వండి పెట్టాలా? ప్రశ్న ఇలా వేసుకున్నంత కాలం జవాబు తేలదు. కొన్నవన్నీ ఒక్కలాంటివి కావు, వండినవన్నీ ఒక్కలాంటివి కావు. ఇనుము చేర్చిన సాదా ధాన్యపు పొడి, పీల్చుకు తినే పండ్ల గుజ్జు పౌచు, రెండూ ఒకే అలమరలో అమ్ముతారు. వాటిలోని పోషకాలకు మాత్రం పొంతనే ఉండదు.

కొన్న ఆహారం సాధారణంగా తీపి దగ్గర, అతి మెత్తదనం దగ్గర తప్పుతుంది. ఇంటి ఆహారం పలుచదనం దగ్గర, ఇనుము దగ్గర, నిల్వలో చేసే అశ్రద్ధ దగ్గర తప్పుతుంది. ఈ కొలతలతో రెండింటినీ పరీక్షించి, ఏ పూటకు ఏది తగునో నిర్ణయించుకునే క్రమాన్ని ఇక్కడ ఇస్తున్నాను. రోజువారీ తిండి విషయంలో నా మొగ్గు ఇంటి వంట వైపే. అయినా కొనదగినవి కొన్ని ఉన్నాయి. వాటిని కొనడానికి సంకోచించనక్కరలేదు.

1. సమయం వచ్చిందో లేదో ముందు చూసుకోండి

మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, 6 నెలలు నిండగానే ఘనాహారం మొదలుపెట్టి, తల్లిపాలను 2 ఏళ్ల వరకూ, ఆ పైన కూడా కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. కొన్ని ప్యాకెట్ల మీద ‘4 నెలల నుంచి’ అని రాసి ఉంటుంది. ఆ మాట ఆ ఉత్పత్తికి సంబంధించినదే తప్ప, మీ బిడ్డ సిద్ధంగా ఉందనడానికి రుజువు కాదు. చూడవలసినవి ఇవి:

- ఆసరా ఇస్తే కూర్చోగలుగుతోంది, మెడ స్థిరంగా నిలుపుతోంది.
- వస్తువును చూసి, చేత్తో అందుకుని, నోటి దాకా తెచ్చుకుంటోంది.
- చెంచాతో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయకుండా మింగుతోంది.

పిడికిలి చప్పరించడం, రాత్రి మునుపటికంటే ఎక్కువసార్లు లేవడం ఈ లెక్కలోకి రావు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల వైద్యుణ్ని అడిగే తేల్చుకోవాలి.

2. ఎంత కావాలో, ఏది కొరతో తెలుసుకోండి

తల్లిపాలు తాగే బిడ్డకు 6–8 నెలల మధ్య ఘనాహారం నుంచి రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు, 9–11 నెలల మధ్య సుమారు 300, ఏడాది దాటాక సుమారు 550 అందాలి. మొదట్లో 2–3 చెంచాలతో మొదలై, 8 నెలలకల్లా పూటకు 250 మి.లీ. కప్పులో సగం దాకా చేరుతుంది. మొదటి నెలల్లో రోజుకు 2–3 పూటలు, 9 నెలల నుంచి 3–4 పూటలు, ఆకలిని బట్టి మధ్యలో చిరుతిండి ఒకటి రెండు సార్లు పెట్టాలి. ఇవి సగటు లెక్కలు. బిడ్డ నోరు మూసుకుని తల తిప్పుకుంటే ఆ పూట అయిపోయినట్టే.

కొరత పడేది ముఖ్యంగా ఇనుము. పుట్టుకతో తెచ్చుకున్న నిల్వలు సుమారు 6 నెలలకు తరిగిపోతాయి. తల్లిపాలలో లీటరుకు ఇనుము 0.3 మిల్లీగ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. 7–12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక గుడ్డు పచ్చసొనలో ఉండేది దాదాపు అర మిల్లీగ్రాము మాత్రమే. రోజూ పచ్చసొన పెడుతున్నాం కాబట్టి ఇనుము సరిపోతోందనుకోవడం పొరపాటని ఈ అంకెలే చెబుతాయి. ఇనుము చేర్చిన ధాన్యపు పొడి కొనడం తప్పు కాదని నేను అనడానికి మొదటి కారణం ఇదే.

3. ప్రతి పూటనూ నాలుగు ప్రశ్నలతో తూచండి

కొన్నదైనా, వండినదైనా గిన్నె బిడ్డ ముందు పెట్టే లోపు ఇవి అడగండి:

- ఇందులో ఇనుము ఇచ్చే పదార్థం ఏదైనా ఉందా? (పప్పు, మాంసం, చేప, గుడ్డు, లేదా ఇనుము చేర్చిన పొడి)
- చక్కెర, ఉప్పు చేరాయా?
- నమలడం నేర్చుకోవడానికి ఈ వయసుకు తగినంత పలుకు ఉందా?
- ఇది ఎప్పుడు వండినది లేదా ఎప్పుడు తెరిచినది, అప్పటి నుంచి ఎక్కడ ఉంది?

నాలుగోదానికి కచ్చితమైన జవాబు రాకపోతే మిగిలిన మూడింటితో పని లేదు. ఆ ఆహారం పారేయాలి. మొదటి మూడింటిలో ఒక లోపాన్ని మరో పూట సరిదిద్దుకోవచ్చు.

4. కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక వైపు చదవండి

4.1 పదార్థాల జాబితా

పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘బ్రకోలీ, పాలకూర’ అని ఉన్న పౌచు ఒకటి చేతిలోకి తీసుకున్నారనుకుందాం. వెనక్కి తిప్పితే యాపిల్ 72 శాతం, పియర్ 18 శాతం, బ్రకోలీ 6 శాతం, పాలకూర 4 శాతం అని కనిపించవచ్చు. అప్పుడది ఆకుపచ్చ రంగు తిరిగిన పండ్ల గుజ్జే. బిడ్డ దాన్ని ఇష్టంగా తిన్నంత మాత్రాన ఆకుకూర రుచికి అలవాటు పడినట్టు కాదు.

చక్కెర అన్న మాట లేకపోయినా సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, గాఢపరిచిన పండ్ల రసం, తేనె వంటివి కనిపిస్తే ఆ ప్యాకెట్‌ను తిరిగి అలమరలోనే పెట్టండి. ‘చక్కెర కలపలేదు’ అన్న ముద్ర ఉన్నవాటిలోనూ పండ్ల రసం గానీ, గుజ్జు గానీ తీపి కోసమే చేరి ఉండవచ్చు. పసిపిల్లల ఆహారంలో చక్కెర గానీ, ఇతర తీపి పదార్థాలు గానీ చేర్చకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2022లో ప్రకటించిన పోషక ప్రమాణాల నమూనా స్పష్టంగా చెబుతోంది.

4.2 చక్కెర లెక్క

పోషకాల పట్టికలో 100 గ్రాములకు శక్తి ఎంతో, చక్కెరలు ఎంతో చూడండి. చక్కెర గ్రాములను 4తో గుణించి, మొత్తం కిలోక్యాలరీలతో భాగించి, 100తో గుణించండి. 60 కిలోక్యాలరీలు, 12 గ్రాముల చక్కెరలు ఉన్న గుజ్జులో 48 కిలోక్యాలరీలు, అంటే 80 శాతం శక్తి చక్కెరల నుంచే వస్తోంది. పండ్ల గుజ్జు అని తెలిసి కొంటే ఇది వింత కాదు. భోజనం పేరుతో అమ్మే ప్యాకెట్‌లో ఈ అంకె 30 దాటితే నేనైతే కొనను. అది చట్టం పెట్టిన హద్దు కాదు, నాకు నేను పెట్టుకున్న గీత. పాలు, పెరుగు చేరిన వాటిలో పాల సహజ చక్కెర కూడా ఈ లెక్కలో పడుతుంది కాబట్టి వాటిని పదార్థాల జాబితాతో కలిపి చదవాలి.

4.3 ఉప్పు, ఇనుము

సోడియం మాత్రమే రాసి ఉంటే దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. ఏడాది లోపు బిడ్డకు రోజంతటికీ ఉప్పు 1 గ్రాముకు లోపే ఉండాలని బ్రిటన్ ఆరోగ్య సేవల సలహా. అందులో కొంత పాల నుంచే వస్తుంది. ధాన్యపు పొడి కొనేటప్పుడు ఇనుము 100 గ్రాములకు ఎంతని కాక, బిడ్డ ఒక పూట తినే పరిమాణంలో ఎంతని చూడండి. పొడి తేలిగ్గా ఉంటుంది కాబట్టి 100 గ్రాములు తినడానికి చాలా పూటలు పడతాయి.

4.4 పౌచు వాడే తీరు

పౌచు మూతిని బిడ్డ నోట్లో పెట్టకండి. గుజ్జును చెంచాలోకి పిండి తినిపించండి. నేరుగా పీలిస్తే నమలడం అలవాటు కాదు, ఏం తింటున్నదో కంటికి కనిపించదు, తియ్యటి గుజ్జు మొలిచే దంతాలకు ఎక్కువసేపు తగులుతుంది. పైగా ఉమ్మి చేరిన పౌచును దాచిపెట్టడం కుదరదు.

కొనే ముందు చివరి పరిశీలన:

- గడువు తేదీ ఉంది, సీలు చెక్కు చెదరలేదు, పౌచు ఉబ్బలేదు, డబ్బా సొట్టపడలేదు.
- మొదటి మూడు పదార్థాలలో పప్పో, ధాన్యమో, మాంసమో, కూరగాయో ఉంది.
- చక్కెర, తేనె, సిరప్, ఉప్పు జాబితాలో లేవు.
- బిడ్డకు పడని పదార్థం ఏదీ లేదు.

5. ఇంట్లో వండే క్రమం

విడిగా వంట అవసరం లేదని ముందే చెప్పాలి. ఇంటిల్లిపాదికీ వండే అన్నం, పప్పు, కూరగాయల నుంచే బిడ్డ వంతు తీయవచ్చు. ఎప్పుడు తీస్తున్నామన్నదే అసలు విషయం: ఉప్పు, కారం, తాలింపు పడక ముందు. ఆ తరువాత తీసి నీళ్లు పోసి ఉప్పును విరగ్గొట్టడం సరైన పద్ధతి కాదు. ఉప్పు అందులోనే ఉంటుంది, ఆహారం మాత్రం పలుచబడుతుంది.

5.1 శుభ్రత. చేతులు సబ్బుతో కడుక్కోండి. పచ్చి మాంసం, చేప తరిగే పలక, కత్తి వేరుగా ఉంచండి. బిడ్డ గిన్నె, చెంచా వేడి నీటితో కడిగి ఆరబెట్టండి.

5.2 కూర్పు. వండిన అన్నం లేదా బంగాళాదుంప 3 చెంచాలు, పప్పు లేదా మాంసం లేదా గుడ్డు 2 చెంచాలు, కూరగాయ 1–2 చెంచాలు, నూనె లేదా వెన్న ఒక చిన్న చెంచా. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలత. పప్పులోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది; అదే పూటలో టమాటా, నారింజ, జామ వంటి విటమిన్ సి ఉన్నదేదైనా కొంచెం చేరిస్తే బాగా పడుతుంది. చిన్న చెంచాడు నూనె 40 కిలోక్యాలరీలకు పైగా ఇస్తుంది కాబట్టి కొవ్వును తగ్గించాలని చూడకండి.

5.3 ఉడకబెట్టడం. కూరగాయలను ఆవిరి మీద ఉడికిస్తే విటమిన్లు నీళ్లలోకి దిగి పోవు. నీళ్లలో ఉడికిస్తే ఆ నీటినే మెదపడానికి వాడండి. మాంసం లోపల ఎక్కడా గులాబీ రంగు మిగలకూడదు. గుడ్డులో తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి. చేపలో ముల్లు చేతివేళ్లతో తడిమి ఏరాలి.

బియ్యం సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. అది నేల నుంచి, నీటి నుంచి ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని ఇతర ధాన్యాలకంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. పసిపిల్లల బియ్యపు పొడిలో అకర్బన ఆర్సెనిక్ (దాని ఎక్కువ హానికరమైన రూపం) వంద కోట్ల భాగాలకు 100 భాగాలు మించరాదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో సూచించింది. ఇంట్లో వండినంత మాత్రాన ఈ సమస్య పోదు. ఎక్కువ నీటిలో ఉడికించి వార్చడం, వోట్స్, గోధుమ, జొన్న వంటి వాటిని మార్చి మార్చి పెట్టడం దీనికి తగిన జాగ్రత్త.

5.4 మెదపడం. 6 నెలలప్పుడు గుజ్జు నున్నగా ఉండవచ్చు. ఒకటి రెండు వారాలు గడిచాక మిక్సీ మాని, ఫోర్కుతో మెదిపి చిన్న పలుకులు మిగల్చండి. 8 నెలలకు చేత్తో పట్టుకుని తినగల మెత్తని ముక్కలు ఇవ్వవచ్చు. ముక్కను రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి. పలుకులు అలవాటు చేయడం 9–10 నెలలు దాటేదాకా వాయిదా వేసిన పిల్లలు తరువాత తిండి దగ్గర ఎక్కువగా మొరాయిస్తారని పరిశోధనల్లో తేలింది.

5.5 చెంచా పరీక్ష. చెంచాలో తీసుకుని పక్కకు వంచండి. గుజ్జు నిదానంగా జారాలి లేదా అంటుకుని ఉండాలి; నీళ్లలా కారిపోకూడదు. కారణం లెక్కలో ఉంది. చిక్కగా వండిన పప్పన్నంలో 100 గ్రాములకు సుమారు 120 కిలోక్యాలరీలుంటాయి. అంతే బరువు నీళ్లు కలిపితే అది 60కి పడిపోతుంది. తల్లిపాలలోనే 100 మి.లీ.కి 65–70 ఉంటాయి. చిన్న పొట్టను పాలకంటే పలుచనిదానితో నింపడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. పలుచన చేయాల్సి వస్తే నీళ్లకు బదులు తల్లిపాలు గానీ, బిడ్డ తాగే డబ్బా పాలు గానీ కలపండి.

6. చల్లార్చడం, దాచడం, వేడిచేయడం

ఇంటి వంట ప్రమాదకరంగా మారేది ఎక్కువగా ఇక్కడే. వేడి గిన్నెను మూతపెట్టి వంటగది గట్టు మీద వదిలేయకండి. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నానికి ఆ గడువు ఒక గంటే. ఉడికినా చావని ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియా బీజాలు గది వేడిలో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు.

- ఫ్రిజ్ 4–5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి.
- కూరగాయల, పండ్ల గుజ్జు: 2 రోజులు.
- మాంసం, చేప, గుడ్డు, అన్నం చేరినవి: 1 రోజు.
- పాలకూర, బీట్‌రూట్: ఏ రోజువి ఆ రోజే. నిల్వ ఉంటే వాటిలోని నైట్రేట్లు బిడ్డకు హాని చేసే నైట్రైట్లుగా మారతాయి.
- ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల వద్ద: 1–2 నెలలు. ఐస్ ట్రేలో గడ్డకట్టించి, తేదీ రాసిన సంచిలోకి మార్చండి.

వేడిచేయడం ఒక్కసారే. లోపలి దాకా పొగలు వచ్చేలా వేడిచేసి, బాగా కలిపి, చల్లార్చి, మీ మణికట్టు మీద వేసుకుని చూశాకే పెట్టాలి. మైక్రోవేవ్‌లో కొన్నిచోట్ల మాత్రమే మరిగే ముద్దలు ఏర్పడతాయి కాబట్టి కలపడం తప్పనిసరి.

కొన్న డబ్బాకూ ఇదే క్రమం. తినిపించే చెంచాను డబ్బాలో ముంచకండి. కావలసినంత గిన్నెలోకి తీసుకుని, మిగతాది లేబుల్ చెప్పిన గడువులో ముగించండి. ఉమ్మి తగిలిన గిన్నెలో మిగిలింది ఎంతైనా పారేయాల్సిందే.

7. పూటలు పంచుకోండి

నేను సూచించే అమరిక ఇది. ఉదయం హడావిడి వేళ ఇనుము చేర్చిన సాదా ధాన్యపు పొడిని పాలతో కలిపి, అందులో మెదిపిన పండు వేయవచ్చు. మధ్యాహ్నం, సాయంత్రం ఇంటి వంటలోంచి ఉప్పు లేకుండా తీసిన వంతు. పౌచులు, డబ్బాలు ప్రయాణాలకు, ఫ్రిజ్ దొరకని చోట్లకు, ఇంట్లో ఎవరైనా జబ్బుపడిన రోజులకు. సీలు తీయని డబ్బా గది వేడిలోనే ఉంటుంది. ప్రయాణంలో సంచిలో నాలుగు గంటలున్న ఇంటి గుజ్జుకంటే అదే క్షేమం.

రెండు రకాలూ తింటున్న బిడ్డ నున్నటి పౌచుకు మరిగి పలుకులున్నదాన్ని నిరాకరిస్తుంటే, ఆ పౌచు గుజ్జులోనే మెదిపిన అన్నం గానీ, బంగాళాదుంప గానీ రోజురోజుకీ కొంచెం పెంచుతూ కలపండి.

8. కొత్త పదార్థాలు, అలర్జీలు, పెట్టకూడనివి

గుడ్డు, వేరుసెనగ, పాలు, గోధుమ, చేప, సోయా, నువ్వులు వంటివాటిని 6 నెలలు నిండాక ఒక్కొక్కటిగా, చిటికెడుతో, పగటి పూట మొదలుపెట్టండి. మూడు నాలుగు కొత్త పదార్థాలు కలిసిన పౌచుతో మొదలుపెడితే, ఒంటి మీద దద్దుర్లు వచ్చినప్పుడు కారణం తెలియదు. వాయిదా వేసినంత మాత్రాన అలర్జీ రాకుండా పోదు. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు ముందుగానే వేరుసెనగ పెట్టినప్పుడు, ఐదేళ్ల వయసుకు ఆ అలర్జీ బాగా తగ్గినట్టు 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో తేలింది. అయితే తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్నా, ఇదివరకే ఏదైనా పడలేదని తెలిసినా, మొదటి చిటికెడు వైద్యుడి సలహాతోనే పెట్టాలి.

- తేనె: ఏడాది లోపు ఏ రూపంలోనూ వద్దు. బొటులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ ముప్పు ఉంది.
- ఆవు పాలు, గేదె పాలు: ఏడాది లోపు పాలకు బదులు తాగించకూడదు, వంటలో కొంచెం వాడవచ్చు.
- పండ్ల రసం, టీ: వద్దు. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు.
- గుండ్రని ద్రాక్ష, పచ్చి క్యారెట్, పాప్‌కార్న్, గింజలు: గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. వేరుసెనగను నున్నటి ముద్దగా చేసి గుజ్జులో కలపాలి.

ఓకరింతకూ, గొంతుకు అడ్డం పడటానికీ తేడా తెలియాలి. ఓకరించే బిడ్డ దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది; తనే బయటికి తెచ్చుకుంటుంది. గొంతుకు అడ్డం పడిన బిడ్డ చప్పుడు చేయలేదు, ఏడవలేదు, పెదవులు నీలంగా మారతాయి. పసిపిల్లలకు చేసే ప్రథమ చికిత్స, వీపు మీద ఐదు దెబ్బలు, ఛాతీ మీద ఐదు ఒత్తిళ్లు, ఎలా చేయాలో ఘనాహారం మొదలుపెట్టకముందే శిక్షణ ఉన్నవారి దగ్గర నేర్చుకోండి. తింటున్న బిడ్డను ఒంటరిగా వదలకండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

రెండు రోజులు ఉమ్మేసిందని కూరగాయను మానేయడం. కొత్త రుచి అలవాటు కావడానికి 8–10 సార్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ సార్లు పెట్టాలి. బలవంతం లేకుండా, మిగతా తిండి పక్కన ఒక చెంచాడు ఉంచండి.

కూరగాయ తినడం కోసం ప్రతిదానిలో అరటిపండు కలపడం. పౌచు చేసే పనినే ఇంట్లో చేస్తున్నట్టు. పండును విడిగా, మరో పూట పెట్టండి.

మలబద్ధకం రాగానే ఘనాహారం ఆపడం. కాచి చల్లార్చిన నీళ్లు గుక్కలుగా ఇచ్చి, అరటి, అన్నం కాస్త తగ్గించి, పియర్, బొప్పాయి, పప్పు పెంచి చూడండి.

తినకపోతే ఫోన్ చూపించడం. పొట్ట నిండిన సంకేతం బిడ్డకు తెలియకుండా పోతుంది. 20–30 నిమిషాల్లో గిన్నె తీసేయండి. తరువాతి పూట ఉంది కదా.

10. వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి

తిన్న వెంటనే పెదవులు వాచినా, ఊపిరి కష్టమైనా, వాంతులతో ఒళ్లు వేలాడేసినా అత్యవసర చికిత్సకు తీసుకెళ్లాలి. బరువు పెరగడం ఆగినా, 7 నెలలు దాటాక కూడా ఏదీ మింగకపోయినా, ప్రతిసారీ పొలమారుతున్నా, ముఖం పాలిపోయి నీరసంగా ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించండి.

వెళ్లేటప్పుడు మూడు రోజుల తిండి పట్టీ రాసుకెళ్లండి: ఏ పూట, ఏమిటి, సుమారు ఎన్ని చెంచాలు, పాలు ఎన్నిసార్లు. కొన్న ప్యాకెట్ల వెనుక వైపు ఫోటోలు కూడా ఫోన్‌లో ఉంచుకోండి. ఇనుము చుక్కల మందు అవసరమా కాదా అన్నది తేల్చడానికి వైద్యుడికి ఆ పట్టీ, ఆ ఫోటోలు ఉపయోగపడతాయి. ఆ మందు మీ అంతట మీరు మొదలుపెట్టకండి; మోతాదు మించితే ఇనుము పసిపిల్లలకు విషమవుతుంది.